పువ్వుల గుట్టు

ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠం చెప్పుకొని బతుకుతున్నవాణ్ణి. ఈ ఇరవై ఏళ్ళలో నా తరగతి గదిలో పూయించిన పువ్వులకు లెక్క లేదు. పారిజాతాలు, పొగడలు, పొన్నలు, తామరలు, కలువలు. అవన్నీ పుస్తకంలో పూచి పుస్తకంలోనే వాడిపోయిన పువ్వులు. మా పెరట్లో ఏ పువ్వు ఏ వేళకు విచ్చుకుంటుందో అడిగితే మాత్రం మా ఇంటావిడ మొహం చూడవలసిందే!

ఇలాటి నాకు ఒక అమ్మాయి వల్ల బుద్ధి వచ్చింది. ఆ కథే ఇది.

ఆ రోజు తరగతిలో వసుచరిత్ర నడుస్తున్నది. పదహారో శతాబ్దంలో రామరాజభూషణుడు వ్రాసిన ఆ ప్రబంధంలో గిరిక ముక్కును వర్ణించే పద్యం ఒకటి ఉన్నది. అసలు ఆ పద్యం నంది తిమ్మనదేనని, ఆ ముక్కు వల్లనే ఆయన ‘ముక్కు తిమ్మన’ అయినాడని పెద్దలు చెప్పుకొనే కథ కూడా పాఠకులకు తెలిసే ఉంటుంది. భావం ఏమంటే, అన్ని పువ్వుల మీదా వాలే తుమ్మెద తన మీద మాత్రం వాలదేమా అని సంపెంగ కుమిలిపోయి, తపస్సు చేసి, ఆ చిన్నదాని ముక్కుగా పుట్టి, రెండు కన్నులనే తుమ్మెదలను చెరొక ప్రక్కా శాశ్వతంగా నిలుపుకొన్నదట.

నేను తన్మయుడనై చెబుతుండగా వెనుక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది. సముద్రపు ఒడ్డు పల్లె నుంచి బస్సులో వచ్చి చదువుకొనే పిల్ల.

“సార్, సంపెంగ మీద తుమ్మెద వాలదని ఎవరైనా కళ్ళారా చూసినారా? లేక ఒకరు రాసినారని ఇంకొకరు రాసుకుంటా పొయినారా?”

నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకొంటే పోయేది. “కవిత్వానికి చెవులుంటే చాలునమ్మా, భూతద్దం అక్కరలేదు” అన్నాను. తరగతి అంతా ఘొల్లుమన్నది. ఆ పిల్ల తల వంచుకొని కూర్చున్నది. తరువాత రెండు వారాలపాటు మళ్ళీ నోరు విప్పలేదు.

ఇంట్లో ఈ సంగతి వేడుకగా చెప్పబోయాను. మా ఆవిడ నవ్వలేదు.

“ఆ పిల్ల అడిగిన దాంట్లో తప్పేముందండీ? మీకు తెలియక కసిరారు. అంతేగా!” అన్నది.

అంతే మరి.

సంపెంగకు తుమ్మెద ఎందుకు?

ఆదివారం తెల్లవారుజామున పెరట్లో సంపెంగ చెట్టు క్రింద కుర్చీ వేసుకొని కూర్చున్నాను. గంటసేపు చూశాను. తుమ్మెద రాలేదు. వచ్చినవి చిన్న చిన్న పెంకు పురుగులు! రేకుల సందున దూరి, పుప్పొడి మేసి, నింపాదిగా వెళ్ళిపోతున్నవి.

మరునాడు వృక్షశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి పట్టుకొన్నాను. ఆయన చెప్పింది వింటే నాకు ఒళ్ళు జలదరించింది. సంపెంగ మాగ్నోలియా కుటుంబంలోనిది. పూచే మొక్కలలో అది చాలా పాతకాపు వంశం. భూమి మీద పువ్వు అనేది పుట్టి దాదాపు 13 కోట్ల ఏళ్ళు అయింది. తేనెటీగల జాతి లోకంలో బాగా వ్యాపించక మునుపే మాగ్నోలియాల పూర్వీకులు పెంకు పురుగులతో పొత్తు కుదుర్చుకొన్నవి. పురుగు కొరికినా చెడిపోని గట్టి నిర్మాణం, దట్టమైన రేకులు, తేనెకు బదులు దండిగా పుప్పొడి, దూరం నుంచే పిలిచే ఘాటైన వాసన, ఇవన్నీ ఆ పాత చుట్టాల కోసం చేసికొన్న ఏర్పాట్లే.

తుమ్మెద బొత్తిగా వాలదని ప్రమాణం చేయలేము గాని, సంపెంగ తుమ్మెద కోసం పుట్టిన పువ్వు కాదు. మన పూర్వకవులు ఎవరో కళ్ళారా చూసే ఆ మాట పుట్టించి ఉంటారు. చూసింది నిజం, సంపెంగ ఏడ్చిందన్నది మాత్రం కల్పన. దాని చుట్టాలు దానికి ఉండనే ఉన్నారు!

చలి కాచుకొనే తామర

ఒక ముడి విడిపోయేసరికి నాకు ఆశ పుట్టింది. కవులు వ్రాసిన మిగతా పువ్వుల సంగతి ఏమిటి?

సాయంకాలం తామర ముడుచుకొనగా లోపల చిక్కుకొన్న తుమ్మెద రాత్రంతా అక్కడే గడుపుతుందని సంస్కృతంలోను, తెలుగులోను ఎందరో వర్ణించారు. ఇది అక్షరాలా నిజం. అంతకంటె వింత ఏమంటే, ఆ తుమ్మెదకు అక్కడ పడకతో పాటు వెచ్చటి కంబళి కూడా దొరుకుతుంది. తామరపువ్వు తన ఒంటిని తానే వేడి చేసికొంటుంది! ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరపు ఉద్యానవనంలో రోజర్ సేమర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరుడు కలిసి దీనిని కొలిచి 1996లో ప్రకటించారు. బయట చలి 10 డిగ్రీలకు దిగినా పువ్వు లోపల 30 నుంచి 36 డిగ్రీల వరకు వేడి నిలిచి ఉన్నదట. మన ఒంటి వేడి 37 అని గుర్తు చేసికొంటే, పువ్వు అంటే ఏమిటో కొత్తగా అర్థమవుతుంది. ఆ వేడికి వాసన బాగా వ్యాపిస్తుంది, వచ్చిన పురుగు చలికి కొంకర్లు పోకుండా ఉంటుంది.

తామర గింజ ఆయుష్షు ఇంకొక విడ్డూరం. చైనాలో ఎండిపోయిన ఒక చెరువు అడుగున దొరికిన దాదాపు 1,300 ఏళ్ళనాటి గింజ మొలకెత్తినట్లు 1995లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అంటే నన్నయ పుట్టక మూడు వందల ఏళ్ళ ముందటి గింజ!

ఇక తామరను, కలువను అక్కచెల్లెళ్ళుగా నేను ఎన్నోసార్లు పాఠం చెప్పాను. రెండూ నీటిలోనివి, ఒకటి సూర్యుడిది, ఒకటి చంద్రుడిది అని. తీరా చూస్తే వాటికి చుట్టరికమే లేదు. తామరకు దగ్గరి బంధువు ఎవరనుకొన్నారు? కాశ్మీరులో ఆకాశమంత ఎత్తు పెరిగే చినారు చెట్టు! ఒకే చెరువులో ఉన్నంత మాత్రాన చుట్టాలవుతారా?

కలువ వెన్నెలకు పూస్తుందన్న మాటలోనూ సగమే నిజం. తెల్లకలువ, ఎర్రకలువలలో రాత్రి విచ్చి ప్రొద్దెక్కాక ముడుచుకొనేవి ఉన్నవి. నీలికలువ మాత్రం పట్టపగలే విచ్చుకొంటుంది. దానికి చంద్రుడితో పని లేదు.

మేడి లోపలి పూలతోట

“అత్తి పూచినట్టు” అని మన పొరుగు తమిళులు ఒక సామెత చెబుతారు. ఎన్నడూ జరగనిది జరిగిందని అర్థం. అత్తి పూయగా ఎవరూ చూడలేదు గదా! మేడి, మర్రి, రావి, అన్నిటికీ అదే పేరు. పువ్వు లేకుండా కాయ కాస్తుందని మా నాయనమ్మ గట్టిగా నమ్మేది.

పువ్వులు ఉన్నవి. మనం కాయ అనుకొనేదే ఒక సంచి. ఆ సంచి లోపలి గోడల నిండా కంటికి ఆననంత చిన్నపువ్వులు వందల కొద్దీ లోపలికి తిరిగి పూస్తవి. ఈ మూసిన తోటలోకి పుప్పొడి తెచ్చేది ఒక చిన్న కందిరీగ. కాయ కొనన ఉన్న సన్నని రంధ్రం గుండా అది దూరేటప్పుడు రెక్కలు ఊడిపోతవి. ఇక తిరిగి రావడం ఉండదు. తెచ్చిన పుప్పొడిని పువ్వులకు అంటించి, కొన్నిటిలో గుడ్లు పెట్టి, అక్కడే కన్ను మూస్తుంది. పిల్లలలో మొదట పుట్టేవి రెక్కలు లేని మగవి. అవి ఆడవాటితో జతకట్టి, బయటికి దారి త్రవ్వి, ఆకాశం చూడకుండానే చాలా వరకు చచ్చిపోతవి. ఆడవి పుప్పొడి మోసుకొని ఆ దారిన ఎగిరి, ఒకటి రెండు రోజుల బతుకులోనే మరొక మేడికాయను వెతుక్కోవాలి. లేకపోతే మేడికీ సంతానం లేదు, కందిరీగకూ లేదు.

వేమన మేడిపండు పద్యం ఎరుగని తెలుగువాడు ఉండడు. పైకి మేలిమి, పొట్టలో పురుగులు అని పిరికివాడితో పోలిక చెప్పాడాయన. మనుష్యుల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. కాని పాపం మేడిపండుకు మాత్రం ఆ పురుగు అవమానం కాదు, అదే ప్రాణాధారం. ఈసారి ఆ పద్యం చెప్పేటప్పుడు మేడి తరఫున ఈ రెండు ముక్కలు కూడా చెబుదామనుకొంటున్నాను.

గొబ్బెమ్మ మీద మెక్సికో

సంక్రాంతికి మా కోట వీధుల్లో గొబ్బెమ్మ మీద గుమ్మడిపువ్వు లేని వాకిలి, బంతిపూల తోరణం లేని గుమ్మం ఉండవు. ఇంతకంటె తెలుగుదనం ఏముంటుంది అనుకొంటాము.

బంతి పుట్టిల్లు మెక్సికో! అక్కడివారు ఈనాటికీ చనిపోయిన పెద్దలను తలచుకొనే పండుగలో ఆ పువ్వులనే రాశులు పోస్తారు. తియ్యగుమ్మడి పుట్టింది కూడా అమెరికా ఖండాలలోనే. బూడిదగుమ్మడి మాత్రం మన ఆసియాది. కొలంబస్ ఆ ఖండాలకు దారి కనిపెట్టింది 1492లో. తరువాత పోర్చుగీసువారి ఓడలతో ఈ విత్తులు మన దేశం చేరినవి. కాబట్టి పదమూడో శతాబ్దంలో మన నెల్లూరి మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి బంతిపువ్వును చూసి ఎరుగడు! చేమంతి చైనాది. సాయంకాలం నాలుగింటికి గడియారంలా విచ్చుకొనే చంద్రకాంత కూడా అమెరికా ఖండాలదే. గోడల మీద ప్రాకే కాగితపు పువ్వుకు బూగన్‌విల్ అనే ఫ్రెంచి నావికుడి పేరు పెట్టారు. 1766లో బయలుదేరిన ఆయన ఓడలలో వృక్షశాస్త్రజ్ఞుడి సహాయకురాలు జాన్ బారే అనే ఆవిడ మగవేషంలో ప్రయాణం చేసింది. ఓడలలో భూమిని చుట్టివచ్చిన మొదటి స్త్రీగా పేరు పొందింది. అన్నట్లు ఆ ఎర్రటి కాగితాలు రేకులు కావు, రంగు మారిన ఆకులు. అసలు పువ్వు వాటి నడుమ తెల్లగా, పెసరగింజంత తల పెట్టుకొని నిలుచుంటుంది.

ఈ సంగతి మా అమ్మకు చెబితే ఆమె చలించలేదు. “ఎక్కడ పుడితే ఏం నాయనా, ఇంటి కోడలు కూడా పొరుగూరి పిల్లే గదా!” అన్నది. నా ఎం.ఏ. పట్టా ఆ మాట ముందు దిగదుడుపే.

పలకరించని ప్రాణదాత

పరాయిదేశం నుంచి వచ్చిన మరొకటి బిళ్ళగన్నేరు. మడగాస్కరు దీవి పిల్ల. నీరు పోసే దిక్కు లేకపోయినా గోడ పగుళ్ళలో కూడా నవ్వుతూ పూస్తుంది. అందుకే మనకు లోకువ.

1950 తరువాతి ఏళ్ళలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ ఆకు మధుమేహానికి పనికివస్తుందేమోనని పరీక్షించారు. ఎలుకల రక్తంలో చక్కెర తగ్గలేదు, తెల్లకణాలు తగ్గినవి! తెల్లకణాలు విపరీతంగా పెరిగిపోయే జబ్బే గదా రక్తపు కేన్సరు. ఆ దారిన పోగా విన్‌బ్లాస్టిన్ దొరికింది. తరువాత ఒక మందుల సంస్థ శాస్త్రజ్ఞులు విన్‌క్రిస్టిన్ తీశారు. 1963లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. పసిపిల్లల రక్తపు కేన్సరుకు ఇతర మందులతో కలిపి ఈనాటికీ దానిని వాడుతున్నారు. కొన్ని మిల్లిగ్రాముల మందు కోసం బస్తాల కొద్దీ ఎండుటాకు కావాలి.

అయితే పాఠకులకు ఒక మనవి. చక్కెరవ్యాధికని ఈ ఆకు నమిలేవారు మా ప్రక్క కొందరున్నారు. అది విషమున్న మొక్క. మందు చేయవలసింది కర్మాగారంలో, ఇవ్వవలసింది డాక్టరు.

పువ్వు ప్రాణం పోయడమే కాదు, తీయడమూ ఉన్నది. మిజోరంలో ఒక జాతి వెదురు 48 ఏళ్ళకు ఒక్కసారి, అడవి అడవంతా ఒక్కమారుగా పూచి, కాసి, చచ్చిపోతుంది. ఆ కాయలు తిని ఎలుకలు లక్షలుగా పెరుగుతవి. కాయలు అయిపోగానే పొలాల మీద పడతవి. 1959 ప్రాంతంలో వచ్చిన అలాంటి కరువులో ప్రజలకు సాయపడడానికి పెట్టిన సంఘమే 1961లో మిజో నేషనల్ ఫ్రంట్ అయింది, 1966లో ఆయుధం పట్టింది, 1986లో ఒడంబడిక చేసికొన్నది. ఒక పువ్వు పూచినందుకు ఒక రాష్ట్రం చరిత్రే మలుపు తిరిగింది! మళ్ళీ 2007 ప్రాంతంలో వెదురు పూచింది. ఈసారి ముందే తెలుసు గనుక ప్రభుత్వం కొంత జాగ్రత్త పడింది.

నేను నేర్చుకొన్న మొగలి పాఠం

ఇన్ని సంగతులు పోగు చేసికొన్న తరువాత ఒకనాడు తరగతిలో వసుచరిత్ర పుస్తకం మూసి బల్లమీద పెట్టాను.

“మొన్న మీలో ఒకరు ఒక ప్రశ్న అడిగారు. మంచి ప్రశ్న. నాకు జవాబు తెలియక వేళాకోళం చేశాను. అది నా తప్పు. ఇప్పుడు తెలుసుకొని వచ్చాను, వినండి” అని సంపెంగ సంగతి చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి మాత్రం మొదటిసారి తల ఎత్తి చూసింది.

గంట కొట్టాక దగ్గరికి వచ్చింది. “సార్, మా పక్క మొగలి పొదలుండాయి. పండు కాసే పొదకు వాసన పువ్వు రాదు. వాసన పువ్వు పూసే పొదకు పండు కాయదు. అది పుస్తకాల్లో ఉందా సార్?” అని అడిగింది.

ఉన్నది, ప్రబంధాలలో కాదు గాని శాస్త్రగ్రంథాలలో ఉన్నది. మొగలిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మనం జడలో తురుముకొనేది, చీరల పెట్టెలో వేసేది మగపువ్వు. ఆడమొక్కకు అనాసపండు లాంటి కాయ వేలాడుతుంది. ఒడిశాలోని గంజాం ప్రాంతంలో ఈ మగపువ్వులనే రాగిపాత్రలలో బట్టీ పట్టి కేవడా అత్తరు తీస్తారు. బ్రహ్మ కోసం అబద్ధపు సాక్ష్యం చెప్పి శివపూజకు దూరమైన పువ్వుగా మన పురాణాలు దీనిని శపించినవి. వాసనకు పాములు వస్తాయని లోకం నిందించింది. ముళ్ళపొదలో ఎలుకలు, కప్పలు చేరితే వాటి కోసం పాము వస్తుంది గాని, పాముకు అత్తరుతో ఏమి పని?

ఆ ఆదివారం ఇంటిల్లిపాదీ సముద్రపు ఒడ్డుకు పోయినాము. 2022లో జిల్లాల విభజనతో మా కోట తిరుపతి జిల్లాలో చేరినా, మా నోటికి ఎప్పుడూ నెల్లూరే. తూర్పుగా కొన్ని మైళ్ళు పోతే బంగాళాఖాతం. ఆ అమ్మాయి, వాళ్ళ నాయన మాకు రెండు రకాల పొదలూ చూపించారు. ఇసుక మీద బాలబందతీగ ఊదారంగు పువ్వులతో ప్రాకి ఉన్నది. దాని గింజలు ఉప్పునీటిలో తేలిపోయి ఎక్కడెక్కడి ఒడ్డులనో మొలకెత్తుతవట. మా చిన్నవాడు మాత్రం గాలికి దొర్లిపోయే ముళ్ళబంతి వెంట పరుగెత్తుతున్నాడు. దానిని రావణాసురుని మీసాలంటారు. ఆ గడ్డిలోనూ ఆడ మగ వేరు. ఆడపువ్వుల గుత్తే ఎండి, తెగి, బంతిలా ఇసుక మీద దొర్లుతూ గింజలు చల్లుకొంటూ పోతుంది. పరుగెత్తే పువ్వు!

“ఈ మొగలి, ఈ తీగ, ఈ గడ్డి ఉంటేనే ఇసుక దిబ్బ నిలబడతాది అయ్యోరా. రొయ్యల గుంటలకని కొట్టేసిన కాడ గాలికి ఇసకంతా లేచి వస్తాది” అన్నాడు ఆ పెద్దమనిషి.

నేను ప్రతి ఏడూ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపం’ పాఠం చెబుతాను. తుంచవద్దని పువ్వులు వేడుకొంటే పిల్లల కళ్ళు చెమరుస్తవి. తుంచిన పువ్వుకే అంత కన్నీరు పెట్టే మనము పొదలు పొదలే పోతుంటే ఎందుకు ఊరకున్నాము? బహుశా వాటి పేరూ ఊరూ మనకు తెలియకపోవడం వల్లనేమో.

తిరిగి వచ్చేటప్పుడు ఆ అమ్మాయి మా ఆవిడ చేతిలో ఒక మొగలిపొత్తి పెట్టింది. బస్సంతా గుబాళించింది. ఆవిడ ఒక రేకు జడలో తురుముకొని నా వైపు తిరిగి, “ఇంతకీ ఇది ఆడదా, మగదా అండీ?” అని అడిగింది.

ఈసారి నాకు జవాబు తెలుసు!